చిత్ర కారులోని పిడి

రండి, రండి. ఆ చాప చివరన కూర్చున్నోళ్లు ముందుకు జరగండి. గోడకు ఆనుకున్నోళ్లు, మీరు కూడా. చింతకాయలు జేబుల్లో పెట్టుకోండి, కథ మధ్యలో కటకటమని కొరికితే నేను ఎక్కడున్నానో మరిచిపోతా. మాదేష్, ఆ చిన్నదానికి చోటివ్వు. ఊఁ, ఇప్పుడు వినండి.

ధర్మపురి పక్కన సోగత్తూరులో చిత్ర అని ఒకామె ఉండేది. పొద్దున్నే లేచి, వాకిలి చల్లి, ముగ్గేసి, పొయ్యి మీద ఎసరు పెట్టేది. ఆ ఎసరు మరిగేలోపల కారు తుడిచేది. తెల్ల కారు. ఆమె మామ వీరప్ప పద్దెనిమిదేళ్ల కిందట తెచ్చినాడు. ఆయన పోయి రెండేళ్లయింది, అప్పటినుంచి బాడుగకు చిత్రే నడిపేది. మొగుడు భూపతికి హోసూరులో ఒక కంపెనీలో పని. నెలకొకసారి వచ్చేవాడు. ఇంట్లో చిత్ర, అత్త పంచవర్ణం, ఆ కారు.

ఆ కారులో వెనక సీటు ఎడమ తలుపు పైన ఒక పిడి ఉండేది. ఏ కారులో చూసినా ఉంటుంది, మలుపుల్లో మనం పట్టుకుంటాం. చిత్ర కారులో పిడి మనల్ని తిరిగి పట్టుకునేది. భయంతో చెయ్యి వేసినోళ్ల వేళ్ల చుట్టూ మెల్లగా ముడుచుకుని, భయం తగ్గేదాకా ఉండి, తర్వాత వదిలేసేది. కోర్టుకు పోయేవాళ్లు, ఆపరేషనుకు పోయేవాళ్లు, "చిత్ర కారే కావాల, ఎడమ పక్క సీటు నాకే" అని రెండు రోజుల ముందే చెప్పి పెట్టేవాళ్లు. పళనియమ్మాళ్ అవ్వ రక్తం శుద్ధి చేయించుకోవడానికి వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, పెద్దాసుపత్రికి ఆ సీట్లోనే పోయేది. ఆసుపత్రి గేటు వచ్చినా పిడి వదలకపోతే చిత్ర అద్దంలో చూసి అడిగేది: "ఇంకా పట్టుకునే ఉందా అవ్వా? సరే, ఇంకో చుట్టు తిరిగొస్తాం."

అయితే ఒక్క మాట. మీరు రేపు ఏ కారులోనైనా తొంగి చూడండి. చాలా కార్లలో మూడు తలుపుల పైన పిడి ఉంటుంది, బండి నడిపేవాళ్ల తలుపు పైన ఉండదు. చిత్ర ముప్పై రెండేళ్లకు స్టీరింగు పట్టింది. సేలం రోడ్డులో వెనకనుంచి లారీ హారను కొడితే ఆమె ఇప్పటికీ బండి రోడ్డు అంచుకు దించేసేది. బండి వెనక్కి తీయాలంటే అరచేతులు తడిసిపోయేవి. ఎవరికీ చెప్పేది కాదు. నడిపేవాళ్లే భయపడితే ఎక్కేవాళ్ల గతి ఏమి?

ఒక గురువారం చెట్టికరైలో కాలేజీకి పోయింది. ధర్మపురి బస్టాండునుంచి ఆడ టీచర్లను రోజూ తీసుకుపోవడానికి ఒక కారు కావాలని, నడిపేది ఆడమనిషైతే మంచిదని ఎవరో చెప్పినారు. అక్కడ బండ్లు చూసే మాదేశ్వరన్ సారు కారు చుట్టూ తిరిగి, తలుపు తీసి, మొహం చిట్లించినాడు.

"బయట బాగానే ఉందమ్మా. లోపల ముట్టుకోవడానికే మనసు రాదు," అన్నాడు. తలుపుల ప్లాస్టిక్ గీతలు పడి తెల్లబారి ఉంది. గేరు పిడి మీద నలుపు పొరలు పొరలుగా లేచింది. ఆయన వెనక సీటు పైన పిడిని వేలితో తట్టి, "ఇది చూడండి, చర్మం ఊడినట్టుంది. సోమవారం పది గంటలకు ఇంకోసారి చూస్తా. ఇట్లే ఉంటే వద్దు," అన్నాడు. ఆయనకు అప్పుడు భయమేమీ లేదు కదా, పిడి ఊరికే ఉండిపోయింది.

ఆ సాయంత్రం భూపతి ఫోన్లో అన్నాడు: "ఇదే కడసారి చిత్రా. కాలేజీ వద్దంటే బండి అమ్మేస్తాం. నువ్వు మళ్లీ మామిడిపండ్ల ఫ్యాక్టరీకి పో."

"అమ్మితే అవ్వ ఆసుపత్రికి ఎట్ల పోతుంది?"

"ఊర్లో ఆటోలు లేవా ఏమి?"

చిత్ర ఫోను పెట్టేసి కారులో వెనక సీట్లో కూర్చుని పిడి పట్టుకుంది. అది ఆమె వేళ్లను చుట్టుకుంది. పంచవర్ణం అన్నానికి పిలిచేదాకా వదల్లేదు.

బండ్లకు రంగు వేసే షాపులో ఇస్తే పదిరోజులు పడుతుందన్నారు. అందుకని శుక్రవారం, అవ్వను ఇంటికాడ దించినాక, పెయింటు అంగడి మునుసామి దగ్గరికి పోయింది. ఆయన ఓపికగా చెప్పినాడు. ముక్కలన్నీ విప్పల్ల. సబ్బుతో కడిగి ఆరబెట్టల్ల. గరుకు తీసే సన్న ఉప్పుకాగితంతో నీళ్లు పోస్తా మెల్లగా రుద్దల్ల. తుడిచి, ప్లాస్టిక్‌కు వేసే ప్రైమరు కొట్టల్ల. తర్వాత రంగు, పలచగా, మూడుసార్లు. "తొందరపడి ఒకేసారి మందంగా కొడితే కారిపోతుంది. ఒక రాత్రంతా ఆరనీయల్ల. ముందే అడుగుతాండా, ప్లాస్టిక్ మీద పాలిష్ ఏమైనా పూసినారా?"

"పాలిష్ ఎప్పుడూ పూయలేదన్నా," అంది చిత్ర. అబద్ధం కాదు.

శనివారం పొద్దున వాకిట్లో గోనెపట్టలు పరిచింది. గుడ్డ చుట్టిన చెక్క దోసెగరిటెతో ప్లాస్టిక్ ముక్కల అంచులు లేపింది. ఒక్కొక్క క్లిప్పు టక్కుమన్నప్పుడల్లా ఆమె గుండె కూడా అట్లే అనేది. ఏ స్క్రూ ఎక్కడిదో మరిచిపోకుండా పోపులపెట్టెలో అరకొకటిగా వేసింది.

పంచవర్ణం వచ్చి చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది. "నా ఆవాలు ఎక్కడే?"

"గిన్నెలో పోసినాను అత్తా."

"రేపు చారులో ఏమేస్తావు, బోల్టులా?"

"సోమవారం దాకా ఓర్చుకోండి అత్తా."

"ఓర్చుకుంటా. కానీ ఆ పిడి జోలికి మాత్రం పోవద్దు. మీ మామ చేసిన పుణ్యమో ఏమో, ఎంతమంది చేతులు పట్టుకుందో అది."

చిత్ర పిడిని విప్పలేదు. మిగిలినవన్నీ కడిగి, రుద్ది, ప్రైమరు కొట్టి, మధ్యాహ్నం రంగు కొట్టింది. మొదటిసారి కొట్టినప్పుడు నున్నగా కనపడింది. చిత్ర పక్కకు తిరిగి మంచినీళ్లు తాగి వచ్చేలోపల రంగు మీద చిన్న చిన్న గుండ్రటి కన్నులు తెరుచుకున్నాయి. ఎక్కడికక్కడ రంగు వెనక్కి జరిగి, మధ్యలో పాత ప్లాస్టిక్ తొంగి చూస్తోంది. ఇంకోసారి కొట్టింది. కన్నులు పెద్దవయ్యాయి.

"అయిపోయింది," అనుకుంది చిత్ర. గోనెపట్ట మీదనే కూర్చుండిపోయింది.

పంచవర్ణం వంగి చూసింది. డ్యాష్‌బోర్డు ముక్క మీద మూడు కన్నులు వరసగా ఉన్నాయి. "ఇవి నేను పెట్టిన చందనం బొట్లు ఉండే తావు కదే," అంది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పద్దెనిమిదేళ్లుగా ప్రతి శుక్రవారం పంచవర్ణం కారుకు పూజ చేసేది. బొట్లు పెట్టే ముందు పసిబిడ్డ తలకు అంటినట్టు టెంకాయ నూనె అంటేది. డ్యాష్‌బోర్డుకు, తలుపులకు, గేరు పిడికి, అన్నిటికీ. మునుసామి అడిగింది పాలిష్ గురించి. పూజ నూనెను పాలిష్ అని ఎవరనుకుంటారు? అది గరుకు ప్లాస్టిక్ రంధ్రాల్లోకి పోయి కూర్చుని రంగును పట్టనీయలేదు. పైపైన కడిగితే పోయేది కాదు.

"నా చేత్తోనే చెడగొట్టినానే," అంది పంచవర్ణం. ఆ గొంతు చిత్ర అంతవరకు వినలేదు.

"మీరేం చేసినారు అత్తా. నేనే చెప్పలేదు ఆయనకు."

ఆదివారం పొద్దున మళ్లీ మొదటినుంచి. ఈసారి పంచవర్ణమే పెద్ద టబ్బు తెచ్చి, వేన్నీళ్లు పోసి, గిన్నెలు తోమే సబ్బు కలిపింది. కన్నులు పడ్డ రంగంతా రుద్ది తీసేయాలి. టైము లేదు. ముక్కలన్నీ ఒకే టబ్బులో వేసినారు. తలుపుల ముక్కలు, ముందు సీటు వెనక పలక, అద్దం బటన్ల పలక, గేరు పిడి.

అప్పుడు చిత్ర లేచి పోయి, వెనక తలుపు పైన పిడిని విప్పుకొచ్చింది.

"వద్దన్నాను కదే!"

"ఆ కాలేజీ సారు మొదట వేలు పెట్టిందే దీని మీద అత్తా. మిగిలినవన్నీ నల్లగా మెరుస్తా, ఇదొక్కటి బోడిగా ఉంటే చూడకుండా పోతాడా? బండే పోతే పిడి ఉండి ఎవరికి?"

పంచవర్ణం టబ్బు ముందునుంచి పక్కకు జరిగింది. చిత్ర పిడిని నీళ్లలో ముంచింది. అది ఆమె ఎడమ చేతి బొటనవేలిని పట్టుకుంది. చిత్ర ఒంటి చేత్తోనే ఉప్పుకాగితం రుద్దింది. రుద్దేకొద్దీ నీళ్లు బూడిదరంగుకు తిరిగాయి, పట్టు సడలుతూ వచ్చింది. చివరకు వేలు దానంతటదే జారి బయటికొచ్చింది. చిత్రకు కళ్ల నీళ్లు ఆగలేదు. వేరే నీళ్లు మార్చే తీరిక కూడా లేదు. అదే టబ్బులో, అదే బూడిద నీళ్లతో, అదే కాగితం ముక్కతో మిగిలినవన్నీ రుద్దింది.

కడిగి, ఎండకు ఆరబెట్టి, గుడ్డతో తుడిచి, ప్రైమరు కొట్టింది. రంగు పలచగా ఒకసారి. ఆగింది. రెండోసారి. ఆగింది. మూడోసారి. ఒక్క కన్ను కూడా తెరుచుకోలేదు.

సాయంత్రం పళనియమ్మాళ్ అవ్వ కర్ర తాటించుకుంటా వచ్చింది. గోనెపట్ట మీద నల్లగా ఆరుతున్న పిడిని చూసి, అడ్డం చెప్పేలోపలే వేలికొనతో తాకింది. కాసేపు అట్లే ఉంది.

"ఏమే చిత్రా, ఇది పట్టుకోలేదే."

"పచ్చిగా ఉందవ్వా," అంది చిత్ర. కానీ ఆమె కూడా అంతకుముందే రెండుసార్లు తాకి చూసింది.

"సరేలే. నాకు ఇంకెన్ని మంగళవారాలు ఉన్నాయో," అని అవ్వ చీర కొంగుకు వేలు తుడుచుకుని పోయింది. ఆ మాట చిత్రను తెల్లవార్లూ నిద్రపోనీయలేదు.

సోమవారం పొద్దున పోపులపెట్టె తెరిచి, స్క్రూలన్నీ ఎక్కడివక్కడ బిగించింది. లోపల కారు కొత్త పలకలాగ ఉంది. పిడి పట్టుకుని చూసింది. ప్లాస్టిక్ ప్లాస్టిక్‌లాగే ఉంది. పంచవర్ణం కారుకు హారతిచ్చింది కానీ నూనె గిన్నె బయటికి తేలేదు.

తొమ్మిదిన్నరకు బయలుదేరింది. చెట్టికరై దారిలో వెనకనుంచి బస్సు ఒకటి మీద పడినట్టే వచ్చి హారను కొట్టింది. చిత్ర స్టీరింగు ఎడమకు తిప్పేసింది. ఇంజను ఆగిపోయింది. బస్సు దుమ్ము లేపుకుంటా పోయింది.

దుమ్ము అణిగేదాకా ఆమె ఆగింది. ఎవరి కోసం ఇదంతా? అవ్వను పట్టుకునేది లేకుండా చేసింది. భయంతో చచ్చే మనిషి ఇంకొకరిని రోజూ ఎక్కించుకుని ఎట్ల పోతుంది? "బండి తిప్పేస్తా. అమ్మేయమని ఇంటాయనకు చెప్పేస్తా," అనుకుని, కుడిచేత్తో తాళం తిప్పి, ఎడమచేత్తో గేరు పిడి పట్టుకుంది, వెనక్కి వేయడానికి.

గేరు పిడి ఆమె అరచేతిని పట్టుకుంది.

గట్టిగా కాదు. జాతరలో చిన్నపిల్ల వేలు పట్టుకున్నంత. చిత్ర కుడి మోచెయ్యి తలుపు మీద ఆనించింది. తలుపు ప్లాస్టిక్ మోచేతి కింద కొంచెం లేచి, దిండులాగ ఆనుకుంది. రెండేళ్లుగా ఆ సీట్లో కూర్చున్న మనిషిని ఎవరో పట్టుకోవడం అదే మొదలు. ఆమె ఊపిరి తిన్నగా అయ్యేదాకా గేరు వదల్లేదు. వదిలాక, మొదటి గేరు వేసింది. ముందుకే పోయింది.

కాలేజీలో మాదేశ్వరన్ సారు లోపలంతా తడిమి చూసినాడు. "కొత్తవి వేయించినారా?"

"పాతవే సార్. నేనే రంగు కొట్టినాను."

"రంగు సరే. నడపడం చూడల్ల కదా," అని వెనక ఎడమ సీట్లో ఎక్కినాడు. రెండు కాలేజీ బస్సుల మధ్య సందు చూపించి, "వెనక్కి తీసి ఇక్కడ పెట్టండి," అన్నాడు. అటు జానెడు, ఇటు జానెడు చోటు. చిత్ర గేరు పిడి మీద చెయ్యి వేసింది. అది పట్టుకుంది. కారు మెల్లగా వెనక్కి జరిగింది. బస్సు రేకు కిటికీ పక్కకే వచ్చేసరికి మాదేశ్వరన్ సారు గబుక్కున తలుపు మీద చెయ్యి వేసినాడు.

కారు సరిగ్గా నడిమధ్యన ఆగింది. సారు కదల్లేదు. తలుపు ఆయన చేతిని పట్టుకుని ఉంది. ఆయన చేతి వంక ఒకసారి, అద్దంలో చిత్ర వంక ఒకసారి చూసి, వదిలేదాకా మర్యాదగా కూర్చున్నాడు. చిత్ర బండి ముందుకు తీసినాక దిగి, కాగితం మీద సంతకం పెట్టినాడు.

"రేపటినుంచే రాగలరా?"

"ఎల్లుండినుంచి వస్తా సార్. ఇంకమీద మంగళవారాలు, శుక్రవారాలు టీచర్లను దించినాక వేరే చోటికి పోతా, సాయంత్రానికి వచ్చేస్తా. రేపు మాత్రం పొద్దున్నే ఆసుపత్రి ఉంది."

మంగళవారం పళనియమ్మాళ్ అవ్వ ఎక్కి, ఎప్పటిలాగే పిడి పట్టుకుంది. కొంచెంసేపు చూసింది. తలుపు మీద చెయ్యి వేసి చూసింది. ముందు సీటు వెనక పలక మీద వేసి చూసింది.

"ముందు ఒక్క చోటే గట్టిగా పట్టుకునేది," అంది. "ఇప్పుడు ఎక్కడ పట్టుకున్నా కొంచెం కొంచెం పట్టుకుంటోంది."

"చాలదా అవ్వా?"

అవ్వ సీట్లో వెనక్కి ఒరిగింది. "బండి పోనీ," అంది.

ఆ రోజు ఇంకో చుట్టు తిరగాల్సిన పని పడలేదు.

అంతే, లేవండి. చాప దులిపి చుట్టండి. సంగటి చల్లారితే మీ అమ్మలు నన్నే అంటారు. ఇంటికి పోయి కడుపునిండా తినండి. వెన్నిలా, మీ సందులో దీపం లేదు కదా? మాదేష్ అటే పోతాడు. చెయ్యి పట్టుకుని పో.