తొమ్మిది సెకన్లు

బకెట్టు సగం నిండేలోపు ఆమె పొయ్యి తుడిచింది, రెండు గ్లాసులు కడిగి బోర్లించింది, దుప్పటి నాలుగు మడతలు పెట్టింది. మిగతా సగం నిండే వ్యవధిలో చేయడానికి పనేమీ మిగలలేదు. కుళాయి వైపు చూస్తూ నిలబడిన ఆమె చేతులు గాలిలోనే ఒక అట్టపెట్టెను విప్పి, అడుగు మూసి, పై రెక్కను లోపలికి దోపాయి. ఆ సంగతి ఆమెకు తెలియదు. మంచం మీద కూర్చుని తల దువ్వుకుంటున్న కూతురికి తెలుసు.

"చేతులమ్మా," అంది కూతురు.

ఆమె చటుక్కున చేతులను చంకల్లో దాచుకుంది.

"ఇంకొక్కసారి చూద్దాం. పెట్టె ఇలా తే."

ఎనిమిది రోజులుగా సాగుతున్న సాధన ఇది. కూతురు గోడ గడియారం చూస్తూ లెక్కపెడుతుంది. తల్లి దగ్గుమందు సీసాను పెట్టెలో నిలబెట్టి, కాగితం దోపి, రెక్క మూస్తుంది. పన్నెండు సెకన్లు దాటాలి. పెదవులతో అంకెలు లెక్కించుకుంటూ, ప్రతి వేలినీ వెనక్కి లాక్కుంటూ ఆమె మూసింది.

"పదమూడు. చూశావా, నీకు వస్తోంది. అక్కడ కూడా నేనే పక్కనున్నాననుకో."

"నువ్వు కడుపులో ఉండగానే కదే ఇదంతా అఘోరించింది."

ఇరవై రెండేళ్ళ క్రితం ఆమె మందుల కర్మాగారంలో చేరి రెండు వారాలయింది. మూడో నెల. గర్భవతి అని తెలిస్తే ఇంట్లో కూర్చోమనే చోటు అది. ఆ ఉదయం వాంతి చేసుకుని, నోరు పుక్కిలించి వచ్చి స్టూలు మీద కూర్చునేసరికి గడియారం పట్టుకుని ఒకతను వెనక నిలబడి ఉన్నాడు. చెయ్యి ఆగితే కడుపు బయటపడుతుందని ఆమె అనుకుంది. వంద పెట్టెలు మూసింది. సగటున పెట్టెకు తొమ్మిది సెకన్లు పట్టిందని తేల్చి, అతను ఆ అంకెను 'మామూలు వేగం' అన్న గడిలో రాసుకున్నాడు. భయానికి ఆ కాగితంలో వేరే గడి లేదు.

మర్నాడు గోడ మీద ఎర్రరంగుతో రాశారు: సీసాకు తొమ్మిది సెకన్లు. ఏటా ఆ అక్షరాలకు కొత్త రంగు వేస్తున్నారు. ఒక పిల్ల ఒక పూట పడిన భయం పదకొండు మంది ఆడవాళ్ళ మణికట్లకు శాసనమైంది. వాళ్ళు ఆమెకు 'తొమ్మిదమ్మ' అని పేరు పెట్టారు. ఆమె తినడమూ, స్నానమూ, కూతురికి జడ వేయడమూ అదే వేగంతో జరిగాయి. బడికి వెళ్ళే రోజుల్లో జడ పూర్తయ్యేసరికి కూతురి కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఆమె స్వభావమే అంత, పాదరసం అన్నారు చుట్టాలు. స్వభావమట. దెబ్బకు వంగిన రేకును చూసి అది పుట్టుకతోనే వంకర అనేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు.

"ఇవాళ అక్కడ మళ్ళీ కొలిచేటప్పుడు పదమూడు రాకపోతే?" అంది కూతురు, దువ్వెన పక్కన పెట్టి.

"రాకపోతే రేడియో వదిన ఉద్యోగం పోతుంది."

రేడియో ఆమె పక్క స్టూలు మీద కూర్చునే మనిషి. నోరు మూతపడదు గనుక ఆ పేరు. కుడి మణికట్టుకు పట్టీ ఉంటుంది. ఆ చెయ్యెత్తి తల దువ్వుకోలేక జుట్టు మెడదాకా కత్తిరించుకుంది.

"రావమ్మా తొమ్మిదమ్మా," అంది రేడియో, కర్మాగారంలో ఆమె స్టూలు మీద కూర్చోకముందే. "ఈసారి ఎనిమిది రాయించెయ్. మాకు చేతులు మరీ ఎక్కువైపోయాయి."

వరుసంతా నవ్వింది. నవ్వు అణిగాక రేడియో గొంతు తగ్గించింది. "తొమ్మిది అందుకోలేదని రెండు నోటీసులు అయ్యాయే నాకు. మూడోది వచ్చిందంటే ఇంతే సంగతులు. కాస్త చూడు."

"చూస్తాను వదినా."

సూపర్‌వైజరు వచ్చి చెప్పాడు. సీసా మూత మారింది కనుక కొత్తగా కొలుస్తారు. వంద పెట్టెలు పూర్తయ్యేదాకా మధ్యలో లేవకూడదు. లేస్తే లెక్క చెల్లదు, పక్కనున్నవాళ్ళను కొలుస్తారు. లేచినవాళ్ళు రేపటినుంచి రానక్కర్లేదు. పోయిన నెల మూతల విభాగంలో ఎవరో మధ్యలో లేచిపోయారట. అప్పుడు పుట్టిన నిబంధన.

"మళ్ళీ ఆవిడేనా సార్?" అంది రేడియో.

"పాత లెక్క ఆవిడదేగా. పోల్చడానికి వీలు."

కొలిచే అతను కుర్రవాడు, మర్యాదస్తుడు. ఆమె భుజానికి మూరెడు దూరంలో నిలబడి, "కంగారు పడకండమ్మా. రోజూ మామూలుగా ఎలా చేస్తారో అలాగే చేయండి. నేను లేననుకోండి," అన్నాడు. మనిషి నెత్తిన గడియారం పెట్టి, లేననుకోమని అడగగలగాలంటే చాలా చదువుకుని ఉండాలి.

టిక్కుమంది. ఆమె పెదవులు లెక్క మొదలుపెట్టాయి. మొదటి పెట్టె పదమూడు. రెండోది పదమూడు. మూడోది పన్నెండు. వెనక పెన్సిలు కాగితం మీద గీసిన చప్పుడుకు ఆమె మెడ వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. నాలుగో పెట్టె దగ్గర పెదవులు 'తొమ్మిది' అనేలోపు రెక్క మూసుకుపోయింది. మోచేతులను పక్కటెముకలకు అదుముకుంది. నాలుక కొరుక్కుంది. కూతురి దువ్వెనను తలుచుకుంది. ఆ ఒక్క గదిలో, ఆ ఒక్క గొంతు దగ్గర నేర్చుకున్న నిదానం ఇక్కడికి ఆమె వెంట రాలేదు. వేళ్ళు ఆమెను వదిలేసి ముందుకు పోయాయి. ఇరవయ్యోది ఎనిమిది. నలభయ్యోది ఎనిమిది. రేడియో మాట్లాడడం మానేసింది.

"చాలా బాగుందమ్మా," అన్నాడు అతను, మనస్ఫూర్తిగా.

అరవై మూడో పెట్టెలో సీసా నిలిచింది, కాగితం దిగింది, పక్క రెక్కలు మడతపడ్డాయి. పై రెక్క మీదికి వెళ్తున్న బొటనవేలి అవతల ఆమెకు పట్టీ కట్టిన మణికట్టు కనిపించింది. రెండు చేతులనూ లాగి చంకల్లో బిగించుకుంది. లేచి నిలబడింది.

"అమ్మా, ఇంకా ముప్పై ఎనిమిది ఉన్నాయి. లేస్తే లెక్క చెల్లదు."

"చెల్లకూడదనే లేచాను బాబూ. ఇవి నా మాట వినవు. పక్కన మా వదిన ఉంది. ఆవిడ చేతులు ఇంకా ఆవిడ మాట వింటాయి. వాటిని కొలుచుకో."

"ఇరవై రెండేళ్ళ ఉద్యోగం," అన్నాడు సూపర్‌వైజరు. "ఆలోచించుకో."

ఆమె అప్పటికే తల టోపీ తీసి మడతపెట్టేసింది.

రేడియో ఆమె ముఖం వైపు చూడలేదు. "ఇలా చేస్తావని ముందే చెప్పి చావచ్చుగా. పొద్దున్నే అన్ని మాటలు అనేదాన్ని కాదు," అంది.

"నువ్వు అనకుండా ఉంటావా వదినా," అంటూ ఆమె చెప్పులు తొడుక్కుని వెళ్ళింది. తలుపు వెనక ఆమె అడుగులు చకచకా దూరమయ్యాయి. అవి కూడా ఆమె మాట వినలేదు.

రేడియో తన స్టూలును ముందుకు లాక్కుంది. పట్టీ విప్పి, తీరిగ్గా మళ్ళీ చుట్టుకుంది.

"నా మామూలు కాస్త నిదానం నాయనా," అంది. "లేననుకోమన్నావుగా. లేవనుకునే చేస్తాను."

టిక్కుమంది.

అరవై మూడో పెట్టె కొత్త లెక్కలోకి రాదు, పాత లెక్క చెల్లదు. సాయంత్రం దాకా దాన్ని ఎవరూ తాకలేదు. బల్ల అంచున సీసా దాని లోపల నిలబడే ఉంది, పై రెక్క తెరుచుకునే ఉంది.