తెగినరెక్క వయసు

డాల్ఫిన్ల వయసు లెక్కకట్టడం తనకు వెన్నతో పెట్టిన విద్య అని మా పెద్దసారు తానే చెప్పుకుంటాడు. వాటిని పట్టుకుని అడగలేం కాబట్టి పైనుంచి డ్రోన్‌తో ఫోటో తీస్తాం. ఫోటోలోని కొలతకు డ్రోన్ ఎత్తు జోడించి లెక్కవేస్తే ఒంటి పొడవు తేలుతుంది, పొడవును బట్టి వయసు. ఏళ్లుగా ఆ పని నాది. ఈసారి విలేకరులు వచ్చారని ఎగరేయడం, లెక్క కట్టడం రెండూ ఆయనే నెత్తినేసుకున్నాడు.

"చూశావా అమ్మాయ్, అన్నీ పిల్లలే! గుంపు కళకళలాడిపోతోంది!" అని ఆఫీసంతా తిరిగాడు. డాల్ఫిన్లు చిక్కుకుని చస్తున్నాయని మా అఖాతంలో చేపల వలల మీద పెట్టిన నిషేధం ఉంచాలో ఎత్తేయాలో తేల్చే సమావేశం మర్నాడే.

పట్టిక చూసి నాకు ఒళ్లు మండింది. తెగినరెక్క అని మేం పిలిచే డాల్ఫిన్ నేను ఉద్యోగంలో చేరిన ఏడాదే పిల్లను వెంటేసుకుని తిరిగేది. సారు లెక్కలో దానికి మూడేళ్లు.

"సార్, ఇది తల్లి."

"దాని కూతురేమోలే."

"తల్లికి తెగిన చోటే కూతురికీ తెగిందా?"

"వంశపారంపర్యం," అన్నాడు, రెప్ప కూడా వేయకుండా. ఇంత చదువు ఎక్కడ అమ్ముతారో!

డ్రోన్ తన ఎత్తును ఎగిరిన చోటి నుంచే చూపిస్తుంది. మేం ఎప్పుడూ నీళ్లకు ఆనుకుని ఉండే చిన్న పడవ మీంచి ఎగరేస్తాం. ఈయన ఫోటోల్లో దర్జాగా కనబడాలని పెద్ద ఓడ డెక్కు ఎక్కాడు. ఆ డెక్కు ఎత్తు కలపడం మరిచాడు. దాంతో ముసలి డాల్ఫిన్లన్నీ పొట్టివైపోయి పసిపిల్లల లెక్కలో చేరాయి.

"ఇది ముసలి గుంపు సార్. పిల్లలు ఒకటో రెండో. వలలు దించితే ఇక అంతే సంగతులు."

"టీవీలో చెప్పేశానమ్మా! ఇప్పుడు కాదంటే నా పరువేం కావాలి? సమావేశం అయ్యాక సర్దుదాం."

అప్పటిదాకా డాల్ఫిన్లు సర్దుకుంటాయి కాబోలు.

సమావేశంలో అధికారి, "ఇన్ని పిల్లలుంటే ఇంకా నిషేధం దేనికి?" అని కలం తీశాడు. సారు టై సవరించుకుంటున్నాడు. నేను లేచి తెగినరెక్క పాత ఫోటో, కొత్త ఫోటో బల్లమీద పెట్టి, డెక్కు సంగతి చెప్పాను.

"నిజమేనా?" అని అధికారి సారును అడిగాడు.

"పొరపాటు జరిగిందండీ. లెక్క కట్టింది ఈ అమ్మాయే."

చెంప పగలగొట్టాలనిపించింది. కాదంటే విచారణ వేస్తారు; నిషేధం గడువేమో ఆ రోజుతో సరి, విచారణ తేలేలోగా వలలు దిగుతాయి.

"అవునండీ, పొరపాటు నాదే," అన్నాను.

నిషేధం నిలిచింది. నా ఉద్యోగం ఊడింది. సామాను సర్దుకుంటుంటే సారు తలుపు దగ్గరకొచ్చి, "ఇకనైనా జాగ్రత్తగా కొలవడం నేర్చుకోమ్మా," అని చెప్పి వెళ్లాడు.