సూదితో గీసిన గీత

సైకిలు వయసు చెప్పడమంటే పానా అక్కకి మహా సరదా. తన వయసు అడిగితే మాత్రం మండిపడేది. "మనిషి జుట్టుకి రంగేసుకుని అబద్ధమాడతాడు. సైకిలూ రంగేసుకుంటుంది గాని, నాలుగు బోల్టులు విప్పితే నిజం కక్కేస్తుంది," అనేది. చేతిలో ఎప్పుడూ పానా ఉంటుంది కాబట్టి అందరికీ పానా అక్కే. ఇంటి ముందుగదే ఆవిడ కొట్టు. వెనకగదిలో వాళ్ళమ్మ బట్టలు కుట్టేది. ఈ గదిలో సుత్తి చప్పుడు, ఆ గదిలో మిషను చప్పుడు. ఏ చప్పుడు ఆగినా అవతలి మనిషి "ఏమైంది?" అని అరవాల్సిందే.

ఆ పొద్దున ఆగింది మిషను.

"ఏమైందమ్మా?"

"ఏమవుతుంది, నా ఖర్మ! మళ్ళీ గుండీలన్నీ ఒలికిపోయాయి. మూత లేని డబ్బా మరి. ఈ గుడ్డ కట్టుకుని ఎన్నాళ్ళు వేగను?"

పానా అక్క సుత్తి దెబ్బలు ఇంకా గట్టిగా వేసింది. ఊళ్ళో ఎవరితోనైనా మాటకి మాట అంటించే మనిషి, ఆ డబ్బా మూత ఊసొస్తే మాత్రం నోరు కుట్టేసుకుంటుంది. తొమ్మిదేళ్ళుగా ఇదే వరస.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో ఒకాయన నిలబడ్డాడు. నలభై ఏళ్ళుంటాయేమో. చొక్కా జేబు నిండా రంగుల మరకలు. బళ్ళో డ్రాయింగు మాస్టారట. పాత దుప్పట్లో చుట్టిన సైకిలు ఒకటి భుజాన మోసుకొచ్చాడు.

"అక్కా, ఇది ఇటలీ రేసు సైకిలంటున్నారు. ఏ మోడలో, ఏ సంవత్సరం నాటిదో మీరే చెప్పగలరన్నారు."

"ఎవరు ఆ మహానుభావులు?"

"మూడు కొట్లు తిరిగాను. ముగ్గురూ మూడు రకాలు చెప్పి, చివరికి మీ దగ్గరికే పొమ్మన్నారు."

"వాళ్ళ మొహం! ముగ్గురికీ కలిపి ఒక కన్ను. ఎక్కడిదిది?"

"మా నాన్న షెడ్డులో ఉంది," అన్నాడు మాస్టారు. ఇంకేదో అనబోయి మానేశాడు.

దుప్పటి తీసేసరికి పానా అక్కకి ఒళ్ళు మండింది. ఇనప గేట్లకి వేసే ముదురాకుపచ్చ రంగు కుంచెతో దట్టంగా పట్టించేశారు. గొట్టాలు, హ్యాండిలు, దాన్ని పట్టుకునే క్లాంపు, చివరికి చక్రాల పుల్లలు కూడా వదల్లేదు.

"ఎవడండీ ఈ ఘనకార్యం చేసింది? వాడి చేతులు విరగ్గొట్టాలి!"

మాస్టారు తల దించుకున్నాడు. "మా నాన్నే. పోయి నెలైంది."

"అయ్యో, మాట జారాను, ఏమనుకోకండి," అంటూ ఆవిడ సైకిలుని స్టాండుకి ఎక్కించింది. వెనక చక్రాన్ని పట్టుకునే గొట్టాలు రెండూ లోపలికి నొక్కుకుపోయి ఉన్నాయి. షెడ్డులో మీద ఏ బస్తాలో పడేసి ఉంటారనుకుంది. "చూడండి మాస్టారూ, ఆ కంపెనీవాడు ఈ సైకిలుని రెండు తరాలుగా చేశాడు. డెబ్భై అయిదుకి ముందొకటి, తర్వాతొకటి. పైకి అక్కాచెల్లెళ్ళే. కానీ పాతదానికి హ్యాండిలు లావు. తర్వాతి దానికి ఒక్క పిసరు సన్నం. కంటికి ఆనదు. అర మిల్లీమీటరు కూడా ఉండదు..."

చెబుతూ చెబుతూ ఆగిపోయింది. ఈ రకం సైకిలు మీద చెయ్యేసి తొమ్మిదేళ్ళయింది. ఇవాళ మాత్రం ఎందుకు వేసినట్టు? కుదరదు పొమ్మంటే పోయేదిగా అని మనసులో తిట్టుకుంది. అయినా చేతికి అలవాటైన పని, ఆగలేదు. థిన్నరు గుడ్డ తీసుకుని, వెనక ఇరుసు కూర్చునే ఎడమ చెంప మీద రంగు తుడిచింది.

ఆకుపచ్చ కింద ఇత్తడి మెరిసింది. బఠాణీ గింజంత ఇత్తడి అతుకు, ఒక పక్కకి కొంచెం కారి గడ్డకట్టింది.

పానా అక్కకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ కారిన బొట్టు తన చేతిదే. గ్యాసు మంట మీద తను అతికిస్తుంటే, పక్కన కూర్చున్న తమ్ముడు "అక్కా, నీ ఇత్తడికి ముక్కు కారుతోందే," అని పడీ పడీ నవ్వాడు. తన చేతి పని తను పోల్చుకోలేదా?

తమ్ముడి సైకిలు. తొమ్మిదేళ్ళుగా ఎక్కడా దొరకని సైకిలు.

తుక్కు సామాన్లలోంచి వాడే ఏరుకొచ్చాడు. అక్కాతమ్ముళ్ళిద్దరూ ఆరు నెలలు కూర్చుని దానికి ప్రాణం పోశారు. పెడళ్ళ ఇరుసు తిరిగే గొట్టం అడుగున ఉన్న నంబరులో మొదటి రెండంకెలే సంవత్సరం. ఏడు బాగానే కనబడుతోంది, రెండో అంకె తుప్పు తినేసింది. వాడు మూడన్నాడు, తను ఎనిమిదంది. "పాత తరందే అక్కా," అని వాడు. "నీ మొహం, నాకు చెప్పొచ్చావా," అని తను. ముక్కు తుడిచి పెంచిన తమ్ముడి మాట వింటే ఇంకేముంది! తర్వాతి తరానికి పట్టే హ్యాండిలు తెప్పించింది. పెట్టి చూస్తే క్లాంపులో వదులు. తెల్లారితే వాడు కొండదారికి పోవాలి. తప్పు నాదేరా అంటే సరిపోయేది. అనలేదు. వాడు స్నానానికి వెళ్ళినప్పుడు, అమ్మ గుండీల డబ్బా మూత తీసుకుని, అంచు వెంట సన్నటి రేకు ముక్క కత్తిరించి, దాన్ని హ్యాండిలుకి చుట్టి బిగించేసింది. పైన ఎప్పటిలాగే సూదితో గీత గీసింది. ఏ పని ముగించినా ఆవిడ గీసే గీత అది. క్లాంపు మీద మొదలై హ్యాండిలు మీదికి పోతుంది. బిగింపు పట్టి ఉంటే అది ఒకే గీత. జారిందంటే రెండు ముక్కలై తలో పక్కకీ పోతుంది.

రేకు సంగతి వాడికి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు వాడు కొండ దిగే మలుపులో, రోడ్డు పక్కన, తల పగిలి దొరికాడు. సైకిలు లేదు. ఎవడో ఎత్తుకుపోయి ఉంటాడన్నారు. పోలీసాయన కాగితాలు మడుస్తూ, "హ్యాండిలో ఏదో జారి ఉంటుందమ్మా," అనేసి పోయాడు. ఆయనకేం, నోటికొచ్చింది అన్నాడు. ఆ మాట ఆవిడ గుండెలో దిగబడిపోయింది. పైగా అమ్మ, ఎవరు పరామర్శకి వచ్చినా, "మా అమ్మాయి చేతి పనికి తిరుగులేదు," అనేది. ఇప్పటికీ అంటుంది. అన్నప్పుడల్లా పానా అక్కకి అన్నం సయించదు.

"ఏమైంది?" వెనకగదిలోంచి అమ్మ అరిచింది. "సుత్తి చప్పుడు లేదేం?"

"ఏం లేదమ్మా! పనిలో ఉన్నా!" అంటూ పానా అక్క సుత్తి తీసుకుని ఉత్త బల్ల మీద నాలుగు దెబ్బలు వేసింది. మాస్టారు వింతగా చూశాడు. చూస్తే చూశాడు, అమ్మ మాత్రం ఈ గదిలోకి రాకూడదు.

"మాస్టారూ, మీరు రేపు రండి. ఇది తేలే వ్యవహారం కాదు."

"లేదక్కా, ఇవాళే తెలియాలి. మీ కాళ్ళు పట్టుకుంటా," అన్నాడాయన. ముఖమంతా చెమటలు. ఈయనకెందుకింత కంగారో ఆవిడకి అర్థం కాలేదు. "అడుగున ఏదో నంబరుంటుందటగా. కనబడకపోతే నేను తీస్తాను. పిల్లలకి నాణేల బొమ్మలు ఇలాగే నేర్పిస్తాను."

ఆవిడ వద్దనేలోపే ఆయన కిందకి వంగి, రంగు గీకి, పల్చటి కాగితం అదిమిపెట్టి, పెన్సిలు అడ్డంగా రుద్దడం మొదలుపెట్టాడు. నల్లటి మరకలోంచి ఏడు బయటికొచ్చింది. దాని పక్కన ఇంకో అంకె మెల్లగా తేలుతోంది. ఎనిమిది కావాలని పానా అక్క ఎంత గట్టిగా కోరుకుందంటే, పళ్ళు నొప్పెట్టాయి.

మూడు. ఎడమ పక్కన పూర్తిగా తెరుచుకుని ఉన్న మూడు.

"డెబ్భై మూడు!" అన్నాడు మాస్టారు. "అంటే పాత తరం. హ్యాండిలు లావుండేది. అంతేనా అక్కా?"

అంతే. వాడు చెప్పిందే నిజం. తను పెట్టింది వేరే తరం హ్యాండిలు, దాని చుట్టూ డబ్బా రేకు. ఇంకొక్కటే మిగిలింది. ఆ రేకు పట్టిందా, జారిందా? దానికి సాక్ష్యం ఈ గేటు రంగు కిందే ఉంది. చూడకపోతే ఎప్పటిలాగే బతకొచ్చు. చూస్తే, జారి ఉంటే, తమ్ముణ్ణి చంపింది తనే అని తేలిపోతుంది. ఆ తర్వాత అమ్మ ముఖం ఎలా చూడాలి? అమ్మ పక్కన కూర్చుని ముద్ద ఎలా మింగాలి?

వద్దు వద్దనుకుంటూనే గుడ్డ థిన్నర్లో ముంచింది. చెయ్యి వణుకుతుంటే రెండో చేత్తో మణికట్టు పట్టుకుని క్లాంపు మీద రుద్దింది. ఆకుపచ్చ కరిగి వేళ్ళ మీదుగా కారింది. మెల్లగా లోహం బయటపడింది. దాని మీద ఒక గీత, సూదిమొనంత సన్నంగా, క్లాంపు అంచుదాకా వచ్చి ఆగింది.

ఇక హ్యాండిలు. అక్కడ బొటనవేలు ఆనించి, దాని చుట్టూ తుడిచింది. వేలు మాత్రం తియ్యలేకపోయింది. భయం. ఒట్టి భయం. "ఒరేయ్, నన్ను కాపాడరా," అని ఆ పోయినవాణ్ణే మొక్కుకుంది.

వేలు తీసి, గుడ్డతో ఒక్క తుడుపు తుడిచింది.

గీత ఉంది. క్లాంపు అంచు దగ్గర ఆగిన చోటునుంచే మొదలై, హ్యాండిలు మీదికి తిన్నగా పోయింది. అడ్డం తిరిగి చూసింది, వంగి చూసింది, అద్దం పెట్టి చూసింది. ఒకే గీత. వెంట్రుకవాసి కూడా జరగలేదు.

పానా అక్క నేల మీద చతికిలబడిపోయింది. ఏడుపొచ్చిందో నవ్వొచ్చిందో ఆవిడకే తెలీదు. కాసేపటికి తల ఎత్తేసరికి ఎదురుగా, కళ్ళ ఎత్తులో, ఆ నొక్కుకుపోయిన వెనక గొట్టాలు కనబడ్డాయి. బస్తాలు పడితే గొట్టాలు పైనుంచి కిందకి వంగుతాయి. ఇవి వెనకనుంచి ఏదో గుద్దినట్టు ముందుకి నలిగాయి. ఇంత పని తెలిసిన మనిషికి ఇందాక ఈ మాత్రం తట్టలేదు. హ్యాండిలు భయంలో పడి వెనక్కి చూస్తేగా!

"మాస్టారూ," అంది. "మీ నాన్నగారు ఏం పని చేసేవారు?"

మాస్టారు గోడకి ఆనుకున్నాడు. "వ్యాను నడిపేవాడక్కా. కొండదారిలోనే. తొమ్మిదేళ్ళ కిందట ఉన్నట్టుండి మానేశాడు. ఎందుకని అడిగితే చెప్పేవాడు కాదు. షెడ్డుకి తాళం వేసేవాడు. పోయే ముందు నా చెయ్యి పట్టుకుని, ఆ సైకిలు ఎవరిదో కనుక్కోరా అన్నాడు. మోడలు తెలిస్తే మనిషి తెలుస్తాడని కొట్లెంట తిరుగుతున్నాను. ఎక్కడ తెలిసిపోతుందోనని హడలిచస్తూ తిరుగుతున్నాను. ఇందాక మీ చేతులు వణకడం చూశాను. మీవాళ్ళదేనా?"

పానా అక్క పక్కనున్న పానా అందుకుంది. అది ఎంత బరువో మొదటిసారి తెలిసింది. దాన్ని చూసి మాస్టారు కదల్లేదు, చేతులు కూడా అడ్డం పెట్టుకోలేదు. ఆవిడ పానాని బల్ల మీద పెట్టేసింది.

వెనకగదిలో మిషను చప్పుడు ఎప్పుడు ఆగిందో ఆవిడ గమనించలేదు. మధ్యగుమ్మంలో అమ్మ నిలబడి ఉంది, ఒక చేత్తో తలుపు చట్రం పట్టుకుని. ఎంతసేపట్నుంచి వింటోందో!

"అమ్మా, నువ్వు లోపలికి పో."

అమ్మ పోలేదు. మాస్టారి వంక చూడను కూడా చూడకుండా ఆయన్ని దాటుకుని, స్టాండు దగ్గరికొచ్చి నిలబడింది.

"హ్యాండిలు జారిందా?" అని అడిగింది.

"ఏంటమ్మా?"

"హ్యాండిలే! జారిందా లేదా?" అమ్మ స్టాండు పట్టుకుని వంగింది. "ఆ మూత నాకు మర్నాడే దొరికిందే, నీ తుక్కు బుట్టలో. అంచు కత్తిరించి ఉంది. జీవితమంతా కత్తెర పట్టినదాన్ని, ఎవరు కోశారో, ఎందుకు కోశారో నాకు తెలియదూ? నా పెట్టెలోనే దాచాను."

"మరి తొమ్మిదేళ్ళూ ఒక్క మాట అడగలేదేమే అమ్మా?"

"ఏమని అడగను? నువ్వు అవునంటే? వాడు ఎలాగూ పోయాడు. నువ్వు అవునంటే నువ్వూ నాకు దక్కవు. అందుకే, నీ చేతి పనికి తిరుగులేదని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటూ కూర్చున్నాను. నన్ను నేను నమ్మించుకోవాలిగా."

పానా అక్క లేచి అమ్మ చెయ్యి పట్టుకుంది. అమ్మ కళ్ళకి ఆ గీత ఆనదు. సూదిలో దారం ఎక్కించడం కూడా ఇప్పుడు వేళ్ళ గుర్తు మీదే. ఆ చేతి చూపుడువేలు తీసుకెళ్ళి క్లాంపు మీద గీత మొదట్లో పెట్టింది. అమ్మ గోరు ఆ గీత పట్టుకుని మెల్లగా నడిచింది. అంచు దగ్గర ఆగింది. అక్కడే చాలాసేపు ఆగిపోయింది, ముందుకి పోవడానికి ధైర్యం చాలక. తర్వాత ఒక ఊపిరి తీసుకుని దాటింది. ఎక్కడా తట్టుకోకుండా, అదే గీతలో, హ్యాండిలు మీదికి పోయింది.

అమ్మ వెనక్కి వచ్చి, మళ్ళీ మొదట్నుంచి తడిమింది. మూడుసార్లు తడిమింది. ఆ తర్వాత కూతురి తల మీద చెయ్యి వేసి, పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది. అప్పుడు తిరిగింది మాస్టారి వైపు.

"ఇప్పుడు చెప్పు బాబూ, మీ నాన్న సంగతి. మొదట్నుంచీ చెప్పు."