హేమకు రొట్టె నేర్పినా

నా నోటికి జడిసి మా వీధిలో కుక్కలు గూడా మొరగవని మా ఆయన అంటాంటాడు. అననీ. ఈ మారెమ్మకు ఆ నోరు లేకుంటే ఈ కాపురం ఎప్పుడో గంగలో కలిసుండు. అంత నోరుండీ, అది పనికి రావాల్సిన దినాన పనికి రాలేదు. అదీ నా కడుపుమంట.

మాది పెద్దకడుబూరు పక్క పల్లె. పత్తి తీసేది అయిపోతానే ఊరు సగం ఖాళీ అయితాది. మిరపకాయలు కోసేదానికి లారీలెక్కి గుంటూరు దిక్కు పోతాం. దాన్నే మేం సుగ్గి అంటాం. పిల్లోళ్లను గూడా ఎంటబెట్టుకోని పోతాం, వాళ్ల సదువు ఆడికి ఆగిపోతాది. మా పాప హేమ ఇన్నేండ్లూ అట్లా సగం సగం సదువులే సదివింది. ఈ ఏడు పదో తరగతి. "ఈసారి దాన్ని సుగ్గికి తీసకపోయేది లేదు, పరీక్షలు రాయాల్సిందే" అని నేను మొండికేసినా. మా ఆయన పేరు ఉరుకుందప్ప, ఆయనా కాదనలేదు. "సరేలే గానీ, మనం వచ్చేదాంక దానికి కూడెవురు వండి పెడతారు?" అన్నాడు.

అదీ నిజమే. పక్కింటి రామక్క తోడు పండుకుంటానని సెప్పింది, ఆయమ్మకే సరిగ్గా కండ్లు కనపడవు, వండి పెట్టే ఓపిక యాడిది? ఇంట్లో జొన్నలుండాయి. రొట్టె ఒక్కటి తట్టను వస్తే, ఇంత పచ్చికారం నూరుకోని పాప గడుపుకుంటాది. అందుకే నేర్పినా.

జొన్నరొట్టె అంటే సపాతీ మాదిరి కర్రతో రుద్దేది కాదు. కాగిన ఎసరు పిండిలో పోసి, ఉడుకుడుకు మీదనే పిసకాల. సల్లారితే జిగి పోతాది. పీట మీద పొడిపిండి సల్లుకోని, ఒక సెయ్యి తట్టతాంటే ఇంగో సెయ్యి తిప్పుతా ఉండాల. మొదుట్లో హేమ తట్టిన రొట్టె పెనం మీదికి పోయేలోపలే ముక్కలయితాండె. ఏళ్లు బొబ్బలెక్కినాయి. "నాకొద్దుమా, అన్నం వండుకుంటా" అని ఏడ్సింది. "స్టోరు బియ్యం నెలంతా యాడొస్తాయే? మూసుకోని తట్టు" అని నెత్తిన మొట్టినా. సదువుకోవాలని మొట్టినా, ఇంగేం కాదు.

పత్తి అయిపోయేతలికి దానికి పని వచ్చేసింది. నా రొట్టె కన్నా పల్సగా, అంచు యాడా సీలకుండా తట్టతాండె. తడిగుడ్డతో పైన అద్ది తిప్పేస్తే బుస్సున పొంగుతాండె. నాకు ఎంత సంబరమో! దిష్టి తగులుతాదని బయట ఒక్కరికీ సెప్పలా.

మా ఆయన సెప్పినాడు. టీ అంగట్లో కూర్సోని, "నా కూతురు తట్టితే రొట్టె పొంగాల్సిందే, పదిమంది వచ్చినా సిటికెలో పెడతాది" అని డప్పు కొట్టినాడు. ఆడనే మేస్త్రీ నరసన్న ఉండాడు. మా గుంపును సుగ్గికి తీసకపోయేది ఆయప్పే. మేమంతా సేన్లోకి పోతే గుడిసెల కాడ ఒకరుండి గుంపంతటికీ రొట్టెలు కాల్సాల. పోయినేడు ఆ పని సేసినామె కాన్పుకని ఎమ్మిగనూరు పుట్టింటికి పోయింది. ఎవురు దొరుకుతారా అని నరసన్న ఎతుకుతాండాడు. ఈయన పోయి పాపను ఆయప్ప సేతికందిచ్చినాడు.

ఇంటికొచ్చి నాకు సెప్తాండాడు, పాపకేదో ఉద్యోగం వచ్చినట్టు. "ఎండలో నడుము వంచేది లేదు. నీడపట్టున కూర్సుంటాది. నరసన్న అంతటోడు నోరు తెరిసి అడిగినాడు."

"అడిగితే? పరీక్షలు నువ్వు రాస్తావా?"

"వచ్చే ఏడు రాస్తాది లేవే. ఆయప్ప మాట కాదంటే మనిద్దర్నీ లారీ ఎక్కనిస్తాడా? రేప్పొద్దున రొట్టె రుసి సూసేకి వస్తానన్నాడు."

"నీ నోట్లో మన్ను పొయ్య" అన్నా. ఇంగా శానా అన్నా. ఆయన బీడీ ముట్టిచ్చుకోని బయటికి పోయినాడు.

పొద్దున పొయ్యి కాడ హేమ సెవిలో సెప్పినా. "సన్నీళ్లు పోసి కలుపు. పగిలిపోనీ. ఈ పాపకు రొట్టె రాదు అనుకోని పోతాడు."

హేమ నన్ను ఒక సూపు సూసి, సన్నీళ్లతోనే కలిపింది. అంచులు సీలినాయి, నడుమ బొక్క పడింది. ఆ ముక్కల్నే తట్టలో పెట్టి నరసన్న ముందర పెట్టింది, తల ఎత్తలేదు. మా ఆయన మొగం మాడిపోయింది. "ఏందే ఇది? నిన్న బాగా సేసినావు గదా!" అన్నాడు. నాకు లోపల్లోపల నవ్వొస్తాంది.

నరసన్న ఒక ముక్క తుంచి, పచ్చికారం అద్దుకోని నమిలినాడు. ఇంగో ముక్క తీసుకున్నాడు. తట్ట ఖాళీ సేసి, సెయ్యి కడుక్కున్నాడు.

"బాగనే ఉందిలేమ్మా" అన్నాడు. "పొద్దంతా కాయలు కోసొచ్చినోళ్లు గుండ్రంగా ఉందా లేదా అని సూస్తారా? కడుపు నిండితే సాలు. అంతమందికి తట్టతాంటే సెయ్యి అదే తిరుగుతాది." మా ఆయన దిక్కు తిరిగి, "బేస్తవారం లారీ" అని సెప్పి పోయినాడు.

ఊరి మీద లేసే నా నోరు అప్పుడు లేయలేదు. "మా పాపను పంపం" అనే ఒక్క మాట, అంతే గదా! ఆయప్ప వీధి మలుపు తిరిగినంక లేసి మా ఆయన సొక్కా పట్టుకోని గుంజినా.

"నన్ను గుంజితే ఏమొస్తాది?" అన్నాడు. "దానికి నేర్పింది నేనా?"

సొక్కా ఇడిసిపెట్టినా.

హేమ సేతులకంటిన పిండి గీక్కోని కడుక్కునింది. ఏడుస్తాదేమో, నన్ను తిడతాదేమో అని సూస్తాండా. తిట్టినా బాగుండు. ఇంట్లోకి పోయి, బడి బ్యాగులో పుస్తకాలన్నీ తీసి గూట్లో పేర్సింది. బ్యాగు దులిపి, దాంట్లో బట్టలు సర్దుకునింది. ఇంట్లో ఇంగో బ్యాగు లేదు.