పడవ కనపడేంత దూరం

నేను ఒక ద్వారబంధాన్ని. అసలైన టేకు. చీడ పట్టదు, చెమ్మకు ఉబ్బదు. ప్రస్తుతం పిఠాపురం రోడ్డు మీద ఒక పాత కలప కొట్టులో, ఎవరిదో స్నానాల గది తలుపు పక్కన గోడకు చేరగిలబడి ఉన్నాను. ఇల్లు లేని ద్వారబంధాన్ని చూస్తే మీకు నవ్వు రావచ్చు. నవ్వుకోండి. ఇళ్ళు పోగొట్టుకోవడం నాకు కొత్తేమీ కాదు.

నన్ను చేసిన వడ్రంగి పనితనం గలవాడు. గడపకు రెండువైపులా తామరపూలు, పైకమ్మీ మీద ఎదురెదురుగా రెండు చేపలు చెక్కాడు. చేయించుకున్నవాడు కొర్లయ్య. సముద్రపు ఒడ్డున ఒక చిన్న పల్లెలో చేపల వేట ఆయన పని. సొంత పడవ ఉంది, దానికి తగ్గ గర్వమూ ఉంది. నన్ను నిలబెట్టిన రోజున ఆయన భార్య మసేనమ్మ గడప కింద నవధాన్యాలు పోసి, పసుపు రాసి, బొట్లు పెట్టి, మామిడాకులు కట్టింది. ఆ ఇంట్లో ఏ మనిషికీ అంత మర్యాద జరగగా నేను చూడలేదు.

ఆ పల్లెలో ముందు గుమ్మం ఎక్కడో తేల్చుకుంటారు, ఆ తర్వాతే గోడల సంగతి. గుమ్మానికి వాస్తు ఒక్కటే. గడప దగ్గర నుంచుంటే ఇసుక మీద లాగిపెట్టిన పడవ కనపడాలి. పడవ కంటికి ఆనకపోతే వేటగాడికి ముద్ద దిగదు. వల ఎవరెత్తుకుపోతారో, గాలి ఎటు తిరుగుతుందో అని ప్రాణం కొట్టుకుంటుంది. గడప మీద కూర్చోకూడదని ఊరందరికీ చెప్పే కొర్లయ్య, తాను మాత్రం పొద్దస్తమానం నా మీదే కూర్చుని పడవను చూసుకునేవాడు.

తర్వాత సముద్రం రావడం మొదలుపెట్టింది. ముందు వలలు ఆరేసే ఇసుక పోయింది, తర్వాత కొబ్బరిచెట్లు, ఆ తర్వాత ముందు వరస ఇళ్ళు. మా గోడ కింద మట్టి జారిపోగానే కొర్లయ్య గునపంతో నన్ను ఊడదీసి, ఒక వరస వెనక్కి తెచ్చి నిలబెట్టాడు. "గుమ్మం ఉంటే ఇల్లున్నట్టే" అన్నాడు. మళ్ళీ పసుపు, మళ్ళీ మామిడాకులు. కొన్నాళ్ళకు ఆ ఇల్లూ పోయింది. ఇంకో వరస వెనక్కి. కొలత మాత్రం మారలేదు. సముద్రం ఎంత ముందుకొస్తే పడవ అంత వెనక్కి జరిగేది, పడవ కనపడేంత దూరంలో నేను. దీనికి వాళ్ళు పెట్టుకున్న పేరు జాగ్రత్త.

"అమ్మ అలిగింది" అనేవాడు కొర్లయ్య. గంగమ్మకు చీర, పసుపు కుంకుమలు పడవలో తీసుకెళ్ళి నీళ్ళలో వదిలి వచ్చేవారు. చేపలు కూడా అలిగినట్టే ఎక్కడికో దూరం వెళ్ళిపోయాయి. వాటిని వెతుక్కుంటూ పోయి, చమురు తగలేసి, ఖాళీ వలతో తిరిగి వచ్చేవారు.

ఆయన కొడుకు ఎల్లాజీ పెళ్ళాం లోవకుమారి తుని వైపు పిల్ల. మూడో ఇంటి గోడకు బీట పడ్డ రోజున నోరు విప్పింది.

"అమ్మ అలగలేదు మావయ్యా. అలకైతే నాలుగు సీరలకి తీరిపోను. ఎండలు మారిపోయాయి, సముద్రం మారిపోయింది. మారనిదల్లా మనవే."

"అయితే ఏటి సెయ్యమంటావ్?"

"మెరక మీద గవర్నమెంటోళ్ళు ఇళ్ళ తలాలు ఇత్తామంటన్నారు కదా. ఊరంతా ఒక్కసారే ఎల్లిపోదాం. ఒడ్డున ఒక పాక ఏసుకుని ఒంతులు పెట్టుకుందాం. ఎవరి ఒంతులో ఆళ్ళు అందరి పడవలూ సూత్తారు."

"నా పడవ ఇంకోడు సూడ్డవేటే?" అని కొర్లయ్య నవ్వేశాడు.

ఎన్నో ఏళ్ళుగా నా ముందు నుంచుని అందరూ అడిగింది ఒకటే మాట, ఎంత వెనక్కి జరగాలి అని. పడవ కంటికి కనపడి తీరాలా అని అడిగింది ఆ పిల్ల ఒక్కతే. మనుషులు ఇల్లు మార్చమంటే ఏడుస్తూనైనా మారుస్తారు. ఆలోచన మార్చమంటే మాత్రం ఆస్తి రాసిమ్మన్నట్టు చూస్తారు. ఇక ఎల్లాజీ సంగతి చెప్పనక్కర్లేదు. తండ్రి ముందు తండ్రికి, పెళ్ళాం ముందు పెళ్ళానికి తల ఊపి, "ఈ వేట కాలం అయిపోనీ" అన్నాడు.

వేట కాలం అవకముందే తుఫాను వచ్చింది. పొద్దున్నే అందరూ తలదాచుకోవడానికి బడికి చేరారు. కొర్లయ్య కూడా చేరాడు. చేరినవాడు ఊరుకోక, గునపం పట్టుకుని వెనక్కి బయల్దేరాడు. "గుమ్మం ఒక్కటీ తెచ్చేత్తాను" అన్నాడట. ఎల్లాజీ పరుగెత్తుకుంటూ వచ్చేసరికి ఆయన నా ఎడమవైపు ఊడదీసి కుడివైపుకు వచ్చాడు. అల గోడ కిందకు దూరింది. గోడ మా ఇద్దరి మీదా కూలింది. నాకు గడప అంచు కాస్త చెక్కుకుపోయింది. ఆయన ప్రాణం పోయింది.

పెద్దకర్మ అయ్యాక మగవాళ్ళంతా కలిసి నన్ను ఇంకో వరస వెనక్కి మోసుకొచ్చారు. "నాన్న పేణం పెట్టిన గుమ్మం. ఇక్కడే నిలబెడదాం, పడవ బాగా కనపడతంది" అని ఎల్లాజీ ఏడ్చాడు. అందరూ కళ్ళు తుడుచుకుని ఔనన్నారు. ఒక పిచ్చి ఆలోచన మనిషిని బలి తీసుకుంటే జనం దాన్ని కళ్ళకద్దుకుంటారు కాబోలు. మసేనమ్మ ఇప్పుడు పసుపు ముట్టకూడదు గనక పళ్ళెం కోడలు లోవ చేతికిచ్చారు. ఆ పిల్ల వంగింది. పసుపులో వేళ్ళు ముంచింది గానీ నాకు రాయలేదు.

దూరంగా కూర్చున్న మసేనమ్మ లేచి వచ్చింది. కోడలి చేతిలో పళ్ళెం లాక్కుంది.

"ఇది గుమ్మం కాదురా, మీ నాన్న ఎర్రి. దీనికి నా కోడలు పసుపు రాయదు. అమ్మాయ్, నడు. మెరక మీదకి పోదాం. పడవ కనపడకపోతే మానె, నా కొడుకు కనపడితే సాలు."

వాళ్ళు వెళ్ళారు. వాళ్ళు మాత్రమే వెళ్ళారు. ఎల్లాజీ నన్ను ఈ కొట్టులో దింపేటప్పుడు యజమానితో చెప్పుకుంటుంటే విన్నాను. లోవ గుమ్మం గుమ్మం తిరిగి బతిమాలిందట. "పెద్దాయన్ని పోగొట్టుకుని మతి సెడింది" అన్నారట. వంతుల కాపలా ఒక్క ఇంటితో ఎలా సాగుతుంది? పాకలో రోజూ ఎల్లాజీదే వంతు.

నాకు దిగులుగా ఉంది. ఆ పిల్ల చెప్పింది కష్టమైన మాట కాదు. పదిమంది ఒకేసారి నమ్మితే చాలు, అంతే.

నిన్న ఆ పల్లె నుంచే ఒకాయన, ఒడ్డునే కట్టుకుంటున్న కొత్త ఇంటికి గుమ్మం కోసం వచ్చాడు. నన్ను గుర్తుపట్టి, దుమ్ము తుడిచి, పక్కనున్న కుర్రాళ్ళకు గొప్పగా చూపించాడు. "కొర్లయ్య మావ గుమ్మం ఇది. సముద్రం కూడా దీన్నేం సెయ్యలేకపోయింది!" నా చుట్టూ ఉన్న ఇళ్ళన్నీ ఏమయ్యాయో ఆయనకు తెలియక కాదు. బేరం కుదిరింది. ఇదిగో, ఇప్పుడే ఆశగా, భద్రంగా, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు నన్ను బండికెత్తుతున్నారు. ఎవరైనా నన్ను చీల్చి పొయ్యిలో పెడితే బాగుండును.