చెక్క రుద్దే చెయ్యి

"నా బ్రష్షుతో సింకు తోమిందెవరు?"

పొద్దున్నే ఇంటాయన కేక వంటింటి దాకా వచ్చింది. కొని పన్నెండు రోజులు కాలేదు, కుచ్చంతా విచ్చుకుని, రెక్కలు విదిలించుకున్న కోడిపెట్టలా ఉంది బ్రష్షు.

"నన్ను చూస్తావేంరా? ఉన్నవి రెండు పళ్లు, వాటికి వేలు చాలు," అంది ఆయన తల్లి.

"మరి దానంతటదే విచ్చుకుందా?"

ఇల్లాలు తన బ్రష్షు తెచ్చి పక్కన పెట్టింది. ఒకే కొట్టు, ఒకే రకం. మూణ్ణెల్లయినా కుచ్చు చెక్కు చెదరలేదు. ఎందుకు చెప్మా అని ఆమెకి అప్పుడు పట్టుకుంది ఆలోచన.

ఆయనది వేరే బాధ. ఈ మధ్య చల్లటి నీళ్లు తాగితే చాలు, దవడ పట్టుకుంటున్నాడు. పళ్లు ఊడిపోతాయేమోనని లోలోపల బెంగ. మోటారుతో తిరిగే బ్రష్షు వాడితే తగ్గుతుందని ఎవరో చెబితే, ధర కనుక్కుని వచ్చాడు. ఆ ఖరీదుకి ఇంటిల్లిపాదికీ ఏళ్ల తరబడి మామూలు బ్రష్షులొస్తాయి.

మర్నాడు ఆయన పళ్లు తోముకుంటుంటే ఆమె ఎదురుగా నిలబడి చూసింది. కొట్లో కుర్చీలకీ బల్లలకీ పాలిష్ పెట్టే మనిషి. కాళ్లు ఎడంగా వేసి, బ్రష్షు పిడికిట్లో బిగించి, ఉప్పుకాగితంతో చెక్క రుద్దినట్టు అడ్డంగా రుద్దేస్తున్నాడు.

"ఏ పక్క జివ్వుమంటోంది?"

"ఎడమ పక్క."

"కుడి పక్క?"

"అబ్బే, లేదు."

టార్చి వేసి నోరు తెరిపించింది. ఎడమవైపు పళ్లకి, చిగుళ్ల అంచున, గోరు ఆనేంత గాడి. కుడివైపు అంతగా లేదు. నోరొకటే, పేస్టొకటే, మరి ఈ తేడా ఏమిటి? తన బ్రష్షు ఆయనలాగే కుడిచేత్తో పట్టుకుని గాల్లో ఊపి చూసుకుంది. చేతి ఊపంతా ఎడమ పక్కకే పోతోంది!

"అది నోరండీ, బల్ల కాదు," అంది.

సాయంత్రం పళ్ల డాక్టరమ్మా ఆ మాటే అంది. "అరిగింది మళ్లీ రాదు. ఇకముందు అరగకుండా చూసుకుంటే పన్ను నిలుస్తుంది. మోటారు బ్రష్షే కావాలనేం లేదు. మెత్తటి బ్రష్షు కొనుక్కోండి. బఠాణీ గింజంత పేస్టు వేసుకుని, చిగుళ్ల దగ్గర మెల్లగా తిప్పుతూ రెండు నిమిషాలు తోముకోండి."

దారిలో మెత్తటిది కొన్నారు. పాతదాని ధరే. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడ్డాడు. నాలుగు తిప్పులు బాగానే పడ్డాయి, అయిదోదానికి చెయ్యి మళ్లీ చెక్క మీదికి పోయింది.

"ఇరవై ఏళ్ల అలవాటే! ఈ చెయ్యి నా మాట వినదు," అన్నాడు దిగులుగా.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన అన్నం కలుపుతున్నవాడల్లా ఆగి, ఎడమచేత్తో బల్ల అంచు తడిమాడు. తర్వాత తలెత్తాడు.

"మోటారు బ్రష్షు మాట వదిలెయ్యండి. రేపట్నుంచి నేను ఎడమచేత్తో తోముకుంటాను. కొట్లో రుద్దేదంతా కుడిచెయ్యే. నునుపు తేలిందా లేదా అని తడిమి చూసేది ఎడమది. దానికి బరువు వెయ్యడం రాదు."