లేని గాడిద

గడ్డి రంగుకి ఇంకో మాట కావాలి, మొన్న బంగారం అన్నాను, నిన్న కోతకొచ్చిన వరి అన్నాను, ఇవాళ పొద్దున ఎండిన తాటాకు అన్నాను, నా దగ్గర మాటలు అయిపోతున్నాయి, కొండలు మాత్రం అయిపోవడం లేదు, ఒకటి ఎక్కి దిగితే దాని వెనక ఇంకొకటి కాచుక్కూర్చుని ఉంటుంది, ఏముంది దుర్గా ఇప్పుడు, అని వెనక సీటు నుంచి మా ఆయన దివాకర్ గొంతు, ఏముంటుంది నా మొహం, నిన్న ఉన్నదే, గడ్డి, గడ్డిలో ఓక్ చెట్లు, ముళ్ళకంచె, కంచె అవతల ఆలివ్ తోట, అనుకున్నానే గాని అలా అనలేదు, ఎడమ పక్క ఆలివ్ తోటండీ, ఆకులు ఒక వైపు పచ్చగా, ఇంకో వైపు విభూతి రాసినట్టు ఉన్నాయి, గాలికి తిరగబడుతున్నాయి, అని చెప్పాను, ఆహా, అన్నారు, ఆ ఒక్క ఆహా కోసం సగం ఊపిరి పోయింది, ఇది ఇద్దరు తొక్కే సైకిల్, ముందు సీట్లో నేను, వెనక ఆయన, హ్యాండిల్ నాది, బ్రేకులు నావి, గేర్లు నావి, కళ్ళు కూడా నావే, ఆయన వంతు కాళ్ళు మాత్రం, అవైనా బలం పెడుతున్నాయో లేదో దేవుడికే తెలియాలి, రెండు జతల పెడళ్ళూ ఒకదానితో ఒకటి గొలుసుతో కట్టుబడి ఉంటాయి, తొక్కినా తొక్కకపోయినా వెనక కాళ్ళు తిరుగుతూనే ఉంటాయి, కారన్నది కనపడని రోడ్డు, చెవుల్లో దూది పెట్టినంత నిశ్శబ్దం, దీనికోసమే ఇంత దూరం వచ్చాం, ఈ కొండల్లో చప్పుడు చేస్తున్నది నేనొక్కదాన్నే.

అసలు ఇటలీ వెళ్దామనుకున్నాం, పెళ్ళై పాతికేళ్ళు నిండగానే, ఈలోపే ఆయన చూపు తరిగిపోయింది, పూర్తిగా కాదు, చుట్టూ చీకటి, మధ్యలో చిల్లుకాణీ అంత వెలుగు, అందులోంచి ఆకు కనపడుతుంది గాని చెట్టు కనపడదు, కొత్త ఎయిర్‌పోర్టులు, మెట్లు, జనం, నా వల్ల కాదు దుర్గా అనేశారు, అప్పుడు మా అమ్మాయి సంహిత, ఇక్కడే పుట్టింది, ఒక తెలుగు మాటకి రెండు ఇంగ్లీషు మాటలు తోడిచ్చి గాని బయటికి పంపదు, అమ్మా, ఇటలీ ఎందుకు, మన కాలిఫోర్నియాలోనే పాసో రోబల్స్ ఉంది, సేమ్ వెదర్, సేమ్ హిల్స్, ఆలివ్స్ ఉన్నాయి, గ్రేప్స్ ఉన్నాయి, ఆ బ్యాక్ రోడ్స్‌లో కార్స్ ఉండవు, నేను టాండమ్ సైకిల్ బుక్ చేస్తా, నువ్వు జస్ట్ ఇటలీ అని ప్రెటెండ్ చెయ్యి, ఓకే? అంది, నటించడం నాకేం కొత్త, ఏడాదిగా చేస్తున్నది అదే, ఇంక కారు నడపొద్దని కంటి డాక్టర్ చెప్పిన రోజు సన్నీవేల్‌లో మా ఇంటికి తిరిగొస్తుంటే దారంతా ఆయన పలకలేదు, ఆ మౌనం భరించలేక నేను రోడ్డు పక్క బోర్డులు పైకి చదవడం మొదలుపెట్టాను, టైర్ల షాపు, దోసెల హోటలు, పళ్ళ డాక్టరు, అప్పుడు కొంచెం నవ్వారు, ఇంకా ఏముంది అన్నారు, అంతే, ఆ రోజు తెరిచిన నోరు మళ్ళీ మూయలేదు, కంచంలో పప్పు పన్నెండు గంటల వైపు, వేపుడు మూడు గంటల వైపు, గుళ్ళో మా స్నేహితురాలు రేష్మ ఏ చీర కట్టింది, టీవీలో ఎవరు ఏడుస్తున్నారు, పక్కింటివాళ్ళు చెత్తడబ్బా ఎక్కడ వదిలేశారు, క్రికెట్ కామెంటరీ చెప్పేవాడికైనా మధ్యలో టీ విరామం ఉంటుంది.

ఆఫీసులో పొద్దస్తమానం మీటింగులు, ఇంటికొస్తే ఇది, పడుకుంటే దవడ లాగుతుంది, అలిసిపోయాను, ఈ మాట ఎవరితోనైనా అనాలంటే సిగ్గు, ఆయన కళ్ళు పోతుంటే నీ దవడ గొడవేంటే అంటారు, మా చెల్లి శశికళ మాత్రం అనలేదు, అది బాతెల్‌లో ఉంటుంది, వాన వదలని ఊరు, అక్కా, ఒక నెల నా దగ్గరికి వచ్చెయ్, ఆఫీసులో రిమోట్ అడుగు, నేను నిన్నేమీ అడగను, నువ్వు నాతో మాట్లాడక్కర్లేదు, కిటికీ దగ్గర కూర్చుని వాన చూసుకో, బావగారి దగ్గరికి వినీత్ వస్తాడులే, అంది, వినీత్ మా మరిది, జార్జియాలో, కమ్మింగ్‌లో ఉంటాడు, ఎక్కడ కూర్చున్నా సాగే ఉద్యోగం, వాళ్ళిద్దరూ ముందే మాట్లాడేసుకున్నారట, నేను సరే అనేశాను, ఆ సరే ఇంతవరకు ఆయనకి చెప్పలేదు, అదే ఇప్పుడు గుండెల మీద ఎక్కి కూర్చుంది, ఈ కొండ పైకి చేరగానే చెప్పేయాలి, ఏమండీ, ఒక నెల, ఒక్క నెలే, అని పొద్దుటి నుంచీ వల్లె వేస్తున్నాను, కానీ అది నెలతో ఆగదని నాకు తెలుసు, నోరు మూసుకుని బతకడం ఒకసారి రుచి మరిగాక మళ్ళీ ఈ ముందు సీట్లోకి ఎందుకొస్తాను, తిరిగొస్తానని నామీద నాకే నమ్మకం లేదు.

గేర్ మారుస్తున్నానండీ, అన్నాను, మలుపు తిరగ్గానే రోడ్డు నిటారుగా లేచింది, తొడలు మండుతున్నాయి, చెమట కంట్లోకి కారుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి తీయలేను, స్కోరెంత దుర్గా, అంటే ఇంకెంత ఎక్కాలని, ఒక్క మలుపే, అన్నాను, పచ్చి అబద్ధం, పైన ఇంకా ఎన్ని మెలికలున్నాయో కనపడుతూనే ఉంది, ఏముంది దుర్గా, మళ్ళీ, చెప్పడానికి ఊపిరి లేదు, చెప్పేందుకు అక్కడ ఏమీ లేదు కూడా, గడ్డి, మళ్ళీ గడ్డి, నాకు ఒళ్ళు మండింది, సంహిత చూపించిన ఇటలీ ఫోటో గుర్తొచ్చింది, తెల్లటి ఇల్లండీ, నీలం తలుపు, గుమ్మం దగ్గర గాడిద, మెడలో గంట కట్టారు, అనేశాను, నిన్న కూడా గాడిద చెప్పావు, అన్నారు, ఇది వేరే గాడిద, అన్నాను, గంట వినపడలేదే, అన్నారు, నిలబడే నిద్రపోతోంది, అన్నాను, ఆహా, అన్నారు, ఛీ, ఎంత దిగజారాను, చూపు లేని మనిషికి లేని గాడిదల్ని అంటగడుతున్నాను, ఇంక చాలు, చెప్పేయాలి, వెళ్ళిపోవాలి.

పైన ఓక్ చెట్టు కింద సైకిల్ ఆనించి కూలబడ్డాం, లోయంతా ద్రాక్షతోటలు, కోతలైపోయి ఆకులు ఎర్రబడుతున్నాయి, నోరు విప్పబోయి ఆగాను, పులిహోర డబ్బా మూత తీసి ఆయన చేతికిచ్చాను, ఏమండీ, అన్నాను, ఊఁ, అన్నారు, ఇంకొంచెం పెట్టనా, అన్నాను, వద్దు గాని దుర్గా, ఒకటి చెప్తా, కోపం తెచ్చుకోకు, దిగేటప్పుడు కాసేపు ఏమీ చెప్పకుండా ఉంటావా, గుంతలొస్తే చెప్పు, బ్రేక్ వేస్తే చెప్పు, మిగతాది వద్దు, ఊరికే గాలి వినాలని ఉంది, అన్నారు, నాకు ముందు అర్థం కాలేదు, అర్థమయ్యాక తల తిరిగింది, గాలి వినాలని ఉందా, ఇన్నాళ్ళూ ఏముంది ఏముంది అని నా ప్రాణం తోడింది ఎవరు, అని అరిచాను, చెట్టు మీది పిట్టలు లేచిపోయాయి, నీకోసమే కదే అడిగింది, అన్నారు ఆయన మెల్లగా, ఆ రోజు కార్లో బోర్డులు చదివావు చూడు, గొంతంతా ఏడుపే, ఆపితే ఏడ్చేస్తావని భయమేసి ఇంకా ఏముంది అన్నా, ఆ తర్వాత నువ్వు చెప్తూనే ఉన్నావు, చెప్తుంటే నీకు బాగుంటుందేమో అనుకున్నా, అడగడం మానేస్తే చిన్నబుచ్చుకుంటావేమో అని, నిజం చెప్పనా, ఈ మధ్య ఆ గాడిదలొక్కటే కొత్తగా ఉన్నాయి, అన్నారు, అడగందే అమ్మైనా పెట్టదంటారు, నేను అడక్కుండానే ఏడాదిగా వడ్డిస్తున్నాను, ఆయన కడుపు నిండినా విస్తరి ముందు నుంచి లేవలేక తింటున్నారు, మొహమాటం చుట్టాల ఇళ్ళల్లోనే ఉంటుందనుకున్నాను, పాతికేళ్ళ కాపురంలో కూడా ఉంటుందా, నవ్వొచ్చింది, నవ్వులోంచి ఏడుపొచ్చింది, ఆ ఏడుపులోనే చెప్పేశాను, శశి రమ్మందండీ, ఒక నెల, అని, తెలుసు, వినీత్ ఫోన్లో నోరు జారాడు, వెళ్ళిరా, కాకపోతే ఒక్క మాట, వాడు నీకంటే ఎక్కువ వాగుతాడు, అన్నారు, నవ్వుతూనే అన్నారు గాని, పక్కన పెట్టిన హెల్మెట్ కోసం చెయ్యి గడ్డిలో వెతుక్కుంటోంది, దాన్ని ఆ చేతికి తగిలేలా జరిపాను, ఇదిగో ఇక్కడుంది అని చెప్పలేదు.

రెడీయా, అన్నాను, రెడీ, అన్నారు, రోడ్డు కిందికి జారింది, ఇంక నా నోటికి పనిలేదు, గుంత, అన్నాను ఒకసారి, బ్రేక్, అన్నాను, అంతే, గాలి చెవుల్లో హోరుమంటోంది, టైర్లు సన్నగా పాడుతున్నాయి, ఆవులు దాటకుండా రోడ్డుకి అడ్డంగా వేసిన ఇనప కడ్డీల మీద సైకిల్ గడగడలాడింది, వెనక ఆయన చిన్నపిల్లాడిలా కేక వేశారు, మలుపు దగ్గర వేగం తగ్గించాను, కంచె పక్కన గొర్రెల మధ్య నిలబడి ఉంది, గాడిద, నిజం గాడిద, బూడిద రంగుది, ఏమండీ అనే మాట పళ్ళ దాకా వచ్చింది, మింగేశాను, ఒక చెవి నిలబడి ఉంది, రెండోది సగానికి వాలి ఉంది, కనురెప్పల మీద దుమ్ము, నములుతూ నములుతూ నన్ను చూసి నమలడం ఆపింది, దాన్ని ఏ మాటల్లో పెట్టాలో వెతుక్కోలేదు, ఊరికే చూశాను, వెనక నుంచి ఏముంది అన్న ప్రశ్న రాలేదు, రోడ్డు మళ్ళీ పైకి తిరిగింది, మాట లేదు కాబట్టి ఇప్పుడు కాళ్ళకి తెలుస్తోంది, నా పాదం కింద పెడల్ నేను నొక్కకముందే కదులుతోంది, వెనక నుంచి ఆయన తొక్కుతున్నారు, గట్టిగా తొక్కుతున్నారు, పొద్దుటి నుంచీ తొక్కుతూనే ఉన్నారేమో, శశికి ఫోన్ చేయాలి, వస్తాను గాని నెల అక్కర్లేదే, వారం చాలు అని, మొదటి కొండ నుంచీ చూస్తున్న గడ్డే ఇది, దగ్గరగా చూస్తే ఒక్క రంగు కాదు, మొదళ్ళలో ఎరుపుంది, కొసల్లో తెలుపుంది, ఇదెప్పుడు చూశాను నేను, ఏడాదిగా కంటబడ్డదల్లా అందుకుని నోటికివ్వడమే సరిపోయింది, నాకంటూ ఒక్క ఆకు ఉంచుకోలేదు, మా ఇంట్లో చూపు పోయింది ఒక్కరికే అనుకున్నాను, ఏడాదిగా నేనూ ఏమీ చూడలేదు.